మెదడు పొయ్యికి రెండో ఇంధనం

"డాక్టరుగారూ, నాన్న పొద్దున ఏం తిన్నారో మధ్యాహ్నానికే చెప్పలేకపోతున్నారు. తీపి పెడితే మెదడుకు బలం వస్తుందంటున్నారు, పెట్టమంటారా?" పెద్దవారిని ఓపీకి తీసుకొచ్చే పిల్లలు ఇలా అడుగుతుంటారు. రోజూ రెండు చెంచాల కొబ్బరినూనె తాగించవచ్చా అని అడిగేవారూ ఉన్నారు. ఈ రెండు ప్రశ్నలకూ కెనడాలో జరిగిన ఒక పరిశోధనలో జవాబు దొరుకుతుంది.

మన శరీర బరువులో మెదడు వంతు 2 శాతమే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో 20 శాతం దానికే కావాలి. అది ముఖ్యంగా గ్లూకోజును మండించి ఏటీపీ అనే శక్తి పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. (ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. ఈ సంగతి మన పిల్లలకు చెప్పాలి.)

గ్లూకోజు దొరకనప్పుడు మెదడుకు మరో ఇంధనం ఉంది. కాలేయం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. 1967లో అమెరికాలోని బోస్టన్‌లో జార్జ్ కాహిల్ బృందం, వారాల తరబడి ఉపవాసం ఉన్న ముగ్గురు స్థూలకాయుల మెదడుకు వెళ్లే రక్తాన్నీ, తిరిగి వచ్చే రక్తాన్నీ పరీక్షించింది. వారి మెదడు ఎక్కువ భాగం కీటోన్ల మీదే నడుస్తున్నట్టు తేలింది.

కెనడాలోని షేర్‌బ్రూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త స్టీఫెన్ కునేన్ వయసు మళ్లినవారి మీద దృష్టి పెట్టారు. ఆయన బృందం పెట్ స్కాన్‌తో మెదడు గ్లూకోజునూ కీటోన్లనూ ఎంతెంత తీసుకుంటోందో విడివిడిగా కొలిచింది. అల్జైమర్స్ వ్యాధి ఉన్నవారి మెదడు గ్లూకోజును సుమారు 20 శాతం తక్కువగా తీసుకుంటోంది. కీటోన్లను మాత్రం, వ్యాధి తొలిదశలో, తోటి వయసువారిలాగే తీసుకుంటోంది.

మన వంటింటి మాటల్లో చెప్పాలంటే, సిలిండరు నిండుగానే ఉంది, బర్నరు మూసుకుపోయింది. పక్కనున్న కిరోసిన్ స్టవ్వు బాగానే ఉంది, అందులో నూనె లేదు. అందుకే తీపి ఎక్కువ పెట్టినంత మాత్రాన లాభం లేదు. రక్తంలో చక్కెర పెరుగుతుందే కాని, మెదడు దాన్ని వాడుకోలేదు.

ఆ స్టవ్వులో నూనె పోస్తే? జ్ఞాపకశక్తి కొంత తగ్గినా తమ పనులు తాము చేసుకోగలిగిన వృద్ధులకు కునేన్ బృందం ఆరు నెలలపాటు రోజుకు 30 గ్రాముల ఎమ్.సి.టి. అనే కొవ్వు కలిపిన పానీయం ఇచ్చింది. మరికొందరికి మామూలు నూనె కలిపిన పానీయం ఇచ్చింది. 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మొదటి వారి మెదడు వాడుకునే కీటోన్లు రెండింతలకు మించి పెరిగాయి. 2021 నాటికి 83 మంది ఈ పరీక్ష పూర్తిచేశారు. గుర్తుచేసుకోవడం, మాటలు తడుముకోకుండా చెప్పడం వంటి కొన్ని పరీక్షల్లో ఎమ్.సి.టి. తీసుకున్నవారు మెరుగయ్యారు. కడుపులో తేడా చేసి మధ్యలో మానేసినవారూ ఉన్నారు. ఇది ఆశ కలిగించే ఫలితమే. అయినా ఇంత చిన్న పరీక్షను బట్టి, అల్జైమర్స్‌కు మందు దొరికిందని అనలేము.

కొబ్బరినూనె, ఎమ్.సి.టి. ఒకటి కావు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దానినుంచి కీటోన్లు అంతగా తయారుకావని ఇదే బృందం మరో పరీక్షలో చూసింది. కూరలో వేసుకుంటే వేసుకోండి, మందుగా మాత్రం తాగించకండి. ఖర్చులేని సంగతి ఇంకొకటి ఉంది. తొలిదశ అల్జైమర్స్ ఉన్న కొద్దిమంది చేత మూడు నెలలు క్రమంగా నడక వ్యాయామం చేయిస్తే, వారి మెదడు తీసుకునే కీటోన్లు పెరిగాయి.

షుగరు ఉన్నవారు కొంచెం ఆగి చదవండి. మూత్ర పరీక్షలో కీటోన్లు కనిపిస్తే మేము కంగారుపడటం మీరు చూసే ఉంటారు. షుగరు అదుపుతప్పినప్పుడు కీటోన్లు మితిమీరి పెరిగి రక్తం ఆమ్లమవుతుంది. అది ప్రాణాపాయం. కాబట్టి కీటోన్ల కోసమని అన్నం మానేయడం, ఇన్సులిన్ తగ్గించుకోవడం డాక్టరును అడగకుండా చేయకూడదు.

దీనికంటే ఎక్కువగా ఇళ్లలో జరిగే ప్రమాదం చక్కెర పడిపోవడం. ఇన్సులిన్ గాని, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వేసుకుని, ఉపవాసమనో ఆకలి లేదనో పెద్దవారు తినకుండా ఉండిపోతారు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే కాలేయం కీటోన్లను కూడా తయారుచేయదు. అంటే మెదడుకు రెండు పొయ్యిలూ ఒకేసారి ఆరిపోతాయి. చెమటలు, తడబడే మాట, పొంతనలేని జవాబులు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం కనిపిస్తాయి. "ముసలితనం, మతి తప్పింది" అని ఇంట్లోవారు పడుకోబెట్టేస్తారు. ఆ గంటలోనే మెదడు దెబ్బతినవచ్చు.

మతిమరుపు మెల్లగా, నెలల మీద వస్తుంది. ఉదయం బాగున్న మనిషి మధ్యాహ్నానికి తికమకపడితే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. అది లేకపోతే, స్పృహ ఉండి మింగగలిగినవారికి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇచ్చి, ఆసుపత్రికి బయలుదేరండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే తీసుకురండి. తేరుకున్నా సరే, ఆ రోజే చూపించండి, ఆ మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, ఇన్సులిన్ సీసా సంచిలో వేసుకురావడం మరచిపోకండి.