ఇంటి ముద్రణలో సిరా పొదుపు

దరఖాస్తులను, వ్యాసములను ఇంటివద్దనే ముద్రించుకొను సౌకర్యము నేడు పలువురకు కలిగినది. అయితే తెచ్చిన సిరా నెల తిరుగకమునుపే నిండుకొనుచున్నదని విద్యార్థులు మాతో మొరపెట్టుకొనుచున్నారు.

ఇంక్‌జెట్ యంత్రము సూక్ష్మరంధ్రముల గుండా సిరాను బిందువులుగా కాగితముపై చల్లును. ఆ రంధ్రములు ఎండి పూడిపోకుండుటకై తన్ను తాను శుభ్రపరచుకొనుచు కొంత సిరాను వ్యయపరచును. కావున పుటకొకమారు యంత్రమును ఆపి మరల నడుపుటకంటె, పనులన్నియు కూర్చి ఒకేమారు ముద్రించుట మేలు. తప్పులను తెరపైననే దిద్దుకొనవలెను. చిత్తుప్రతికి 'డ్రాఫ్ట్' పద్ధతియు, నలుపు రంగును చాలును. దళసరి అక్షరములు, నిండు రంగుల పట్టీలు వర్జింపదగినవి.

అయినను పొదుపునకు ఒక హద్దు కలదు. పలుచని ముద్రణలో వత్తు చెదరినచో 'గుడ్డి' 'గుడి' యగును. ఉర్దూలో ఒక్క నుక్తా, అనగా చుక్క, మాసినచో 'దగా' 'దుఆ' యగును. మోసము ప్రార్థనగా మారును! ఉపకారవేతనపు దరఖాస్తులో పేరో, ఖాతా సంఖ్యయో అస్పష్టమైనచో నష్టపోవునది విద్యార్థియే. కావున చిత్తుప్రతిలో పొదుపు చూపుదము. తుదిప్రతిలో సిరాకు వెనుకాడవలదని మా మనవి.