ఎక్స్‌రేకు అందని దగ్గు

దీపావళి దాటినది మొదలు ఆదోని పట్టణమునకు పత్తి బండ్లు, లారీలు చేరుచుండును. మార్కెట్టులో వేలము ముగిసిన పత్తి జిన్నింగు మిల్లులకు పోవును. అచట తోలు రోలర్ల నడుమ గింజ ఒక వైపునకు, దూది మరియొక వైపునకు వేరగును. పిదప దూదిని అదిమి బేళ్ళు కట్టుదురు. ఈ రెండింటితో పాటు మూడవది యొకటి గాలిలోనికి లేచును. ఎండిన ఆకుల తునుకలు, కాయదొప్పల పొడి, మన్ను, వాని నంటియుండు సూక్ష్మజీవుల విషము, ఇవన్నియు కలిసిన ధూళి అది. గింజకు ధర కలదు, దూదికి ధర కలదు. ఈ మూడవ సరుకును తూచువారు లేరు, పనివారు పీల్చుదురు. మేము నేడు చెప్పదలచినది దానిని గూర్చియే.

మిల్లులో చేయి నలిగినచో పదిమంది చూతురు. పనివాడు 48 గంటలు గాని అంతకు మించి గాని పనికి రాలేకపోయినచో, ఆ ప్రమాదమును తనిఖీ శాఖకు తెలుపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించెను. విచారించువారు సామాన్యముగా అడుగు మొదటి ప్రశ్న "ఎవరి అజాగ్రత్త?" అని. అది తప్పు ప్రశ్న యని మా అభిప్రాయము. పట్టాపై కప్పు ఉండెనా, దానిని ఎవరు ఎందుకు తీసిరి, యంత్రము ఆగకముందే చిక్కుపడిన పత్తిని లాగు అలవాటు ఎట్లు వచ్చెను, అప్పటికి ఎన్ని గంటలుగా పని జరుగుచుండెను అని అడిగినగాని కారణము దొరకదు. పత్తి ప్రెస్సులలో పత్తిని విప్పు యంత్రము నడచు భాగమున స్త్రీలను, పిల్లలను పనికి పెట్టరాదని ఆ చట్టపు 27వ సెక్షను నిషేధించెను. యంత్రమునకు పత్తి అందించు చోటు పైకప్పు వరకు గోడతో వేరుపడియున్ననే మినహాయింపు. అపాయము యంత్రమున ఉన్నదే గాని మనిషి పరాకున మాత్రమే లేదని చట్టము చేసినవారికి తెలిసియే యుండెను.

వ్యాధి సంగతి ఇట్టిది కాదు. దానికి రక్తము లేదు, తేదీ లేదు. వారపు సెలవు గడచి పనిలోనికి వచ్చిన మొదటి దినమున రొమ్ము పట్టివేసినట్లుండును; దగ్గు, ఆయాసము తోచును. మరునాడు కొంత నెమ్మదించును. కొన్ని సంవత్సరములకు అది రెండవ దినమునకు, మూడవ దినమునకు ప్రాకును. తుదకు సెలవు దినములలోను ఊపిరి అందదు. ఈ వ్యాధిని బిస్సినోసిస్ అందురు; గ్రీకు భాషలో బిస్సోస్ అనగా సన్నని నారబట్ట. తొలిదశలో ధూళికి దూరమైనచో నెమ్మదించును. ముదిరిన పిదప మరలదు.

ఇందు విశేషమేమనగా, ఈ వ్యాధికి ఎక్స్‌రేలో ప్రత్యేకమైన గురుతు లేదు. రాతిధూళి వలన వచ్చు సిలికోసిస్ ఫిల్ములో కనబడును. పత్తిధూళి పని అట్లు కనబడదు. కావున వైద్యుడు ఫిల్ము చూచి "ఏమియు లేదు" అనవచ్చును, బీడీ అలవాటు అనవచ్చును, ఉబ్బసము అనవచ్చును, క్షయ యేమో యని అనుమానపడవచ్చును. పట్టి యిచ్చునది రోగి చెప్పు మాటయే. ఏ దినమున ఎక్కువ? సెలవులో తగ్గునా? సీజను ముగిసి ఊరికి పోయినప్పుడు ఎట్లుండును? ఇంగ్లండులో రిచర్డ్ షిల్లింగ్ అను వైద్యుడు 1950 దశకమున లాంకషైరు నూలుమిల్లులలో ఇట్టి ప్రశ్నలతోనే వ్యాధికి మెట్లు ఏర్పరచెను. నేడు దానికి తోడు ఊపిరి కొలత కలదు. వారములో మొదటి దినమున పనికి ముందొకసారి, పని ముగియగానే మరియొకసారి ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి వెడలెనో పోల్చి చూతురు. అంతకు పూర్వమే, 1700లో, ఇటలీ వైద్యుడు రామజ్జిని "నీవు చేయు పని ఏది?" యని రోగిని తప్పక అడుగుమని తోడి వైద్యులకు చెప్పెను. జనపనార, అవిసెనార దువ్వువారి దగ్గును కూడ ఆయన గుర్తించెను.

బ్రిటనులో 1940లోనే ఈ వ్యాధికి పరిహారమునకై చట్టము చేసిరి. అయినను 20 సంవత్సరములు ధూళిలో పనిచేసితినని చూపినగాని అది దక్కెడిది కాదు. ఋజువు మరల కాగితము పైననే నిలిచినది. మన దేశమున బిస్సినోసిస్‌ను తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేర్చిరి. యజమానియే గాక చికిత్స చేసిన వైద్యుడును అధికారులకు వ్రాయవలెనని 1948 చట్టము చెప్పెను. దాని స్థానమున వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా నియమావళియు ఆ పట్టికను నిలిపినది. 1966లో అహమ్మదాబాదున ఏర్పడి, పిదప జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థయైన పరిశోధనాలయము అచటి బట్టల మిల్లులలో ఈ వ్యాధిని పరిశీలించినది. అయితే జిన్నింగు పని ఋతువుతో వచ్చి పోవునది. ఒక యేడు ఒక మిల్లు, మరుయేడు వేరొక మిల్లు. మేస్త్రీ పిలిచినవారు వత్తురు. మస్టరులో పేరు లేనివారికి పది సంవత్సరముల దగ్గు ఉన్నను పది సంవత్సరముల పని ఉన్నట్లు సాక్ష్యము లేదు.

ఇరుగుపొరుగు పట్టణమగు ఎమ్మిగనూరు సంగతి వేరు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన ఊరది. గుంటమగ్గమున కూర్చున్న నేతగాని కాళ్ళు గుంటలోని తొక్కుడు పలకలపై, చేయి నాడె త్రాటిపై, కన్నులు పడుగుపై నుండును. దినమంతయు నడుము వంగియే యుండును. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, కండ్ల అలసట మగ్గముతో వచ్చునవే. కాని ఇట్టి నొప్పులకు ఆ పట్టికలో చోటు లేదు. ఇల్లే కార్ఖానా యగుటచే చూడవచ్చు తనిఖీదారును లేడు. కండెలు చుట్టు ఇల్లాలి భుజము నొప్పినైతే పనివలన వచ్చినదని ఇంటివారే అనుకొనరు.

ఇట్టి యిండ్లలో చదువుకొన్న పిల్లలు ఉన్నారు. వారి చేత నొక నోటుపుస్తకమున వ్రాయించవచ్చును: ఏ సంవత్సరము, ఏ మిల్లు, ఏ విభాగము, ఎన్ని నెలలు, మేస్త్రీ ఎవరు, ప్రక్కన పనిచేసినవారు ఎవరు, దగ్గు ఏ వారమున మొదలాయెను, సెలవున తగ్గెనా. కూలి చీటీలు, మందుల చీటీలు పారవేయక దానిలోనే దాచవలెను. నేతపని వారైనచో మగ్గపు రకము, గంటలు, నొప్పి మొదలైన యేడు వ్రాసిన చాలును. ఆసుపత్రికి పోవునప్పుడు ఫిల్ముతో పాటు ఈ పుస్తకమును వైద్యుని ముందుంచి, మొదటి పుటను ఆయన చదువు వరకు లేవకుండుట మంచిది.