'రన్' అంటే పరుగేనా?

ఇంగ్లీషులో కష్టమైన మాటలు ఏవని అడిగితే పిల్లలు వెంటనే బారెడు పొడుగున్న మాటలు నాలుగు ఏకరువు పెడతారు. పెద్దవాళ్ళమూ అంతే. పొడుగు మాట కనిపిస్తే నిఘంటువు తీస్తాం. రెండక్షరాల మాట కనిపిస్తే, 'ఇది మనకు తెలిసిందే గదా' అనుకొని ముందుకు సాగిపోతాం. నిజానికి మనల్ని బోల్తా కొట్టించేవి ఆ పొట్టి మాటలే. ఈ సంగతి నాకు పన్నెండో ఏటనే తెలిసివచ్చింది. తెలియజెప్పిన మాట 'రన్'.

1961 నాటి ముచ్చట. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా బాబాయి బొంబాయిలో గుమాస్తాగా పనిచేస్తుండేవాడు. ఒకనాడు మధ్యాహ్నం బొంబాయి నుంచి కార్డు వచ్చింది. రాసింది మాత్రం బాబాయి కాదు. ఆయనతో ఒకే గదిలో ఉంటున్న మరాఠీ ఆయనెవరో రాశారు. ఆయనకు తెలుగు రాదు గనక ఇంగ్లీషులో రాశారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా ఆ యేడే బళ్ళో ఇంగ్లీషుకు బహుమతి కొట్టాను. ఇంకేం? మామ్మా, అమ్మా, ఇరుగుపొరుగు వాళ్ళూ చుట్టూ చేరారు.

మొదటి వాక్యంలోనే 'రన్ డౌన్' అని ఉంది. మీ తమ్ముడు బాగా 'రన్ డౌన్' అయి ఉన్నాడని రాశారు. 'రన్' అంటే పరుగెత్తడం, 'డౌన్' అంటే కింద. రెండూ కలిపితే ఏమిటో నాకు అంతుపట్టలేదు. నిఘంటువు తీశాను. ఆ జంట మాటలకు ముందుగా కనిపించిన అర్థం, బండితో కొట్టి పడవేయడం. గుండె దడదడలాడుతుండగా, 'బాబాయిని బండి కొట్టేసిందట' అని చెప్పేశాను.

తరవాత ఏం జరిగిందో వేరే చెప్పాలా? మామ్మ ఉన్నచోటనే కూలబడిపోయింది. అమ్మ చేతి గాజులు తీసి నాన్నగారికి ఇచ్చింది. అవి కుదువబెట్టి, వచ్చిన డబ్బు తీసుకొని నాన్నగారు ఆ రాత్రే రైలెక్కారు. రైళ్ళు మారుతూ బొంబాయి చేరి, తమ్ముడు ఉన్నాడో లేడో అనుకుంటూ గది తలుపు తట్టారట. తలుపు తీసింది బాబాయే! మనిషి చిక్కిపోయాడు, కళ్ళు లోతుకు పోయాయి. రాత్రి పనీ, హోటలు తిండీ ఒంటికి పడక నీరసించిపోయాడు. అంతే! ఇంగ్లీషులో మనిషి 'రన్ డౌన్' అయ్యాడంటే ఓపిక తగ్గి నీరసపడ్డాడని కూడా అర్థం. కీ అయిపోయి ఆగిపోయిన గడియారాన్ని గురించి చెప్పేటప్పుడూ ఇదే మాట వాడతారు.

తిరిగి వచ్చిన నాన్నగారు నన్ను ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. "ఒరేయ్, నువ్వు చెప్పిన అర్థం పుస్తకంలో ఉన్నమాట నిజమే. కాని ఉత్తరంలో లేదురా!" అన్నారు. అమ్మ గాజులు విడిపించడానికి మాత్రం రెండు సంక్రాంతులు దాటాయి.

ఆరువందల నలభై అయిదు!

ఇంత చిన్న మాటకు అసలు ఎన్ని అర్థాలుంటాయి? ఇంగ్లీషు మాటల చరిత్ర అంతా ఎక్కించుకున్న పెద్ద నిఘంటువు ఆక్స్‌ఫర్డు వారిది. దాని భాగాలు 1884లో అచ్చు కావడం మొదలై 1928కి గాని పూర్తి కాలేదు. 1989లో రెండో కూర్పు 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా ఎక్కువ చోటు తీసుకున్న మాట 'సెట్'. దానికి 430 దాకా అర్థాలు చూపారు. ఆ తరవాత మూడో కూర్పు కోసం మాటలన్నిటినీ మళ్ళీ మొదటినుంచి సరిచూడడం ఆరంభించారు. 'రన్' అనే ఒక్క మాటను సరిచూడడానికి పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. 2011లో ఆ సంగతి పత్రికలకెక్కింది. తేలిన లెక్క ఏమిటంటే, క్రియగానే 'రన్'కు 645 అర్థాలు!

అన్నీ ఎవరికి గుర్తుంటాయి? ఎవరికీ ఉండవు. ఇంగ్లీషువాళ్ళు కూడా వాటిని వల్లె వేసి నేర్చుకోలేదు. అయితే ఈ అర్థాలు సంతలో జనంలాగా ఒకదానికొకటి సంబంధం లేకుండా పోగుపడినవి కావు. నాలుగైదు కుటుంబాలుగా ఉంటాయి. ఆ కుటుంబాలను పోల్చుకుంటే చాలు, సగం భయం తీరుతుంది.

పారేవి, నడిచేవి, సాగేవి

మొదటిది నీళ్ళ కుటుంబం. 'రన్'కు మూలమైన పాత ఇంగ్లీషు మాట 'రిన్నన్'. దానికి పరుగెత్తడమూ అర్థమే, పారడమూ అర్థమే. దాని చుట్టమైన జర్మను మాట 'రిన్నెన్'కు ఇవాళ్టికీ పారడం, కారడం అనే అర్థం. అందుకే ఇంగ్లీషులో నది 'రన్' అవుతుంది, కుళాయి 'రన్' అవుతుంది, జలుబు చేస్తే ముక్కు 'రన్' అవుతుంది, కొత్త చీర తడిపితే రంగు కూడా 'రన్' అవుతుంది! మనకైతే నది పారుతుంది, ముక్కు కారుతుంది, రంగు దిగుతుంది.

రెండోది ఆగకుండా పనిచేసే వాటి కుటుంబం. మిల్లు, రైలు, గడియారం, నేటి కంప్యూటరులో ప్రోగ్రాము, అన్నీ 'రన్' అయ్యేవే. దుకాణం, బడి, హోటలు మనిషి 'రన్' చేసేవి. ఇక్కడే ఒక తమాషా ఉంది. ఇంగ్లీషువాళ్ళు పరుగెత్తించే వీటన్నిటినీ మనం నడిపిస్తాం. మన కొట్టు బాగా నడుస్తుంది, బస్సు నడుస్తుంది, గడియారం నడుస్తుంది, సంసారం కూడా ఎలాగో నడుస్తుంది! ఆ కొట్టు ఎంత బాగా సాగినా పరుగెత్తుతోందని మనం అనం. ఇక సినిమా సంగతి చూడండి. వాళ్ళకు వందరోజులు 'రన్' అయితే మనకు వందరోజులు ఆడుతుంది.

ఎన్నికలది మరీ చిత్రం. అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో 'రన్' చేస్తాడు. అదే ఇంగ్లీషు మాట్లాడే ఇంగ్లండులో మాత్రం నిలబడతాడు. మనవాడూ నిలబడతాడు. ఈ విషయంలో మన తెలుగుకూ ఇంగ్లండుకూ పొత్తు కుదిరింది!

మూడోది సాగే వాటి కుటుంబం. కాలవగట్టు వెంబడి రోడ్డు 'రన్' అవుతుంది. అంటే రోడ్డు కదులుతోందని కాదు, అంత దూరం ఉందని. అయిదేళ్ళ ఒప్పందం అయిదేళ్ళు 'రన్' అవుతుంది. అంటే అంతకాలం అమలులో ఉంటుందని.

ఇంతవరకు ఫరవాలేదు. అసలు చిక్కు నాలుగో కుటుంబంతో. 'రన్' వెనక ఒక చిన్న తోక తగిలిస్తే అర్థం ఎటో తిరిగిపోతుంది. 'ఇంటూ' తగిలిస్తే, బజారులో పాత స్నేహితుడు అనుకోకుండా ఎదురుపడ్డాడని. 'ఓవర్' తగిలిస్తే, బండి మనిషిమీదుగా పోయిందని. అదే పాఠం విషయంలో అయితే, ఒకసారి పైపైన తిరగేశారని. 'ఔట్ ఆఫ్' తగిలిస్తే, ఉన్న సరుకు కాస్తా అయిపోయిందని. క్రికెట్టు చూసే పిల్లవాడు 'రన్ ఔట్' అనగానే వేలెత్తిన అంపైరును తలుచుకుంటాడు. వంటింట్లో ఉన్న ఇల్లాలికి అది ఖాళీ బియ్యపు డబ్బా!

అన్నట్టు, క్రికెట్టులో 'రన్' అంటే పరుగే గదా అంటారేమో. బంతిని గీత దాటించి బౌండరీ కొడితే, ఆటగాడు ఒక్క అడుగు పరుగెత్తకపోయినా నాలుగు పరుగులు వస్తాయి. బ్యాంకు మీద 'రన్' వచ్చిందంటే మాత్రం అది నవ్వులాట కాదు. బ్యాంకు మునిగిపోతుందన్న భయంతో, డబ్బు దాచుకున్నవాళ్ళంతా ఒక్కసారే వెనక్కు తీసుకోవడానికి ఎగబడ్డారన్న మాట. నిజంగా పరుగెత్తుకుంటూ వచ్చేదీ ఇక్కడే.

మనం మాత్రం తక్కువ తిన్నామా?

ఇదంతా విని, 'ఇంగ్లీషు వట్టి తిక్క భాష' అని తీర్మానించకండి. ఒక్క నిమిషం మన 'పడు' సంగతి చూడండి. పడడమంటే పైనుంచి కిందికి రావడమని పరాయి భాషవాడికి చెప్పామనుకుందాం. వాన పడింది, సరే. గోడ పడింది, సరే. మరి భయపడ్డాడు? సిగ్గుపడింది? పెళ్ళి ఖాయపడింది? బాకీ పడ్డాడు? నిద్ర పట్టక అవస్థపడ్డాడు? జీతం బ్యాంకులో పడింది? వంకాయ నా ఒంటికి పడదు? అత్తకూ కోడలికీ పడదు? పాపం, ఆ మనిషి నిఘంటువు పట్టుకొని, అత్తాకోడళ్ళు ఎక్కణ్ణించి పడలేదో అని వెతుక్కుంటాడు!

ఇందాకటి బియ్యపు డబ్బా దగ్గరికే వద్దాం. బియ్యం అయిపోతే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు 'లేవు' అనరు. ఆ మాట ఇంట్లో అనకూడదని, 'నిండుకున్నాయి' అంటారు. డబ్బా అడుగు కనిపిస్తుంటే నిండిందంటారేమిటి అని కొత్తవాడు నోరు తెరవడా? మనకు మాత్రం ఇందులో ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే మనం ఆ మాటను విడిగా నేర్చుకోలేదు. అమ్మ డబ్బా వంచి చూసి, నాన్న చేతికి సంచీ ఇస్తూ అనగా విన్నాం. మాటతో పాటే డబ్బా, సంచీ, అమ్మ ముఖం అన్నీ మనసులో ముద్రపడ్డాయి.

నేర్చుకోవడం ఎలా?

ఇంగ్లీషు మాటనైనా నేర్చుకోవలసింది అలాగే. దీన్ని గుర్తించిన వాళ్ళలో ఇద్దరి సంగతి చెప్పాలి. మైకేల్ వెస్టు అనే ఆయన ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1953లో ఆయన సుమారు 2,000 ముఖ్యమైన ఇంగ్లీషు మాటల పట్టికను ప్రచురించారు. దానిలో విశేషం ఏమిటంటే, ఒక మాటకున్న అర్థాలలో ఏది నూటికి ఎన్నిసార్లు వస్తుందో కూడా అంకెలతో చూపారు. అంటే ఎక్కువగా వచ్చే అర్థాలు ముందు నేర్పండి, అరుదైనవి తరవాత చూసుకోవచ్చునని అర్థం. రెండో ఆయన హార్న్‌బీ. జపానులో ఇంగ్లీషు చెప్పేవారు. విద్యార్థుల కోసం ఆయన, సహచరులు కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డు వారు దాన్ని మళ్ళీ ప్రచురించారు. ఒక మాట వాక్యంలో ఎలా ఇముడుతుందో ఉదాహరణలతో చూపడం దాని పద్ధతి.

మన ఇళ్ళల్లో పిల్లలకు చెప్పవలసింది కూడా ఇంతే. 'రన్ అంటే పరుగెత్తు' అని నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీసి రాయించడం మానండి. మాటకు బదులు వాక్యం రాయించండి. 'రన్' కనిపించగానే మూడు ప్రశ్నలు వేసుకోమనండి. 'రన్' అవుతున్నది ఏది? మనిషా, నీళ్ళా, యంత్రమా, కాలమా? దాని వెనక తోక ఏమైనా ఉందా? మనం అనుకున్న అర్థాన్ని వాక్యంలో పెట్టి చదివితే, ముందు వెనకల వాక్యాలు ఒప్పుకుంటున్నాయా?

ఇవాళ నిఘంటువు తిరగేసే శ్రమ కూడా లేదు. ఫోనులో మాట కొడితే క్షణంలో అర్థం చెబుతుంది. మంచిదే. కాని మాట ఒక్కటే కొడితే, అదీ నాలాగే తప్పు అర్థం చెప్పవచ్చు. వాక్యమంతా ఇవ్వండి. ఇచ్చిన తరవాత కూడా, వచ్చిన అర్థం మిగతా ఉత్తరంతో పొసగుతుందో లేదో చూసుకోవలసింది మనమే.

మూడో ప్రశ్న ఎంత విలువైనదో చెప్పి ముగిస్తాను. నాన్నగారు పోయిన తరవాత ఆయన పెట్టె సర్దుతుంటే ఆ పాత కార్డు దొరికింది. ఇన్నేళ్ళూ దాచి ఉంచారు. మొదటి వాక్యం నాకు తెలిసిందే. తరవాతి రెండు వాక్యాలూ నేను అప్పుడే మొదటిసారి చదివాను. 'కంగారు పడవలసింది ఏమీ లేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటి భోజనం చేస్తే తేరుకుంటాడు' అని ఆ మరాఠీ ఆయన చక్కగా రాశారు.

బండి కొట్టిన మనిషిని గురించి ఎవరైనా అలా రాస్తారా? ఆ రెండు వాక్యాలూ చదివి ఉంటే పన్నెండేళ్ళవాడికైనా అనుమానం వచ్చేది. నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అప్పటికే ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి.