పసరుకు వచ్చిన మంచిపేరు

కురిచేడు, దొనకొండ వైపు పిల్లాడి కళ్లు పచ్చబడ్డాయంటే ఇంట్లో ముందు వినపడే మాట “పసరు పోయించుకొద్దాం”. పసరు పోసేచోట కొందరు ఒక తంతు చేస్తారు. అరచేతులకు ఏదో రసం పూసి, సున్నపు తేట పోసి కడుగుతారు. పళ్లెంలోకి పచ్చటి నీళ్లు దిగుతాయి. “చూడమ్మా, కామెర్లు ఎట్లా దిగుతున్నాయో!” ఆ రసం మామిడి బెరడుదైతే, ఏ జబ్బూ లేని మీ చేతులు కడిగినా నీళ్లు పచ్చబడతాయి.

అలాగని పసరుతో తగ్గిందనేవాళ్లు అబద్ధమాడటం లేదు. తగ్గడం నిజమే. కామెర్లు అన్నది జబ్బు కాదు, లక్షణం. హెపటైటిస్‌ ఎ, ఇ రకాలు కలుషితమైన నీళ్లు, తిండితో వస్తాయి, చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పోయేది పోతుంది, పేరు పసరుకొస్తుంది. గర్భిణి విషయంలో మాత్రం ఈ లెక్క పనికిరాదు. నెలలు నిండేవేళ హెపటైటిస్‌–ఇ ప్రాణం మీదికి తెస్తుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

పసరుకు వాడే నేల ఉసిరిని శాస్త్రం ఒప్పుకుందిగా అంటారు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్‌–బి మీద అది పనిచేసినట్టు ప్రకటించిన మాట నిజం. బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్‌ అందుకున్న బ్లంబర్గ్‌ కూడా ఆ బృందంలో ఉన్నారు. తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

“మేం క్యాన్‌ నీళ్లే తాగుతాం, మాకు కామెర్లెందుకొస్తాయి?” ఫ్లోరైడ్‌ భయంతో మనవైపు క్యాన్‌ అలవాటైంది, మంచిదే. కానీ కడగని క్యాన్‌, అందులో ముంచే చెయ్యి వైరస్‌కు చాలు. ఇక్కడో తిరకాసుంది: మరగబెడితే వైరస్‌ చస్తుంది, ఫ్లోరైడ్‌ మాత్రం పోదు. రెండూ వేర్వేరు బాధలు.

హెపటైటిస్‌–బి ఉన్నవాళ్లకు కంచం, గ్లాసు వేరుపెట్టే ఇళ్లు చూశాను. కలిసి తింటే బి, సి అంటవు. రక్తం, వాడిన సూది, మార్చని బ్లేడు, లైంగిక సంబంధం, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు: వాటి దారులివి. డి అనే మరో రకం బి లేనివాళ్లకు రాదు.

“కళ్లు తెల్లగానే ఉన్నాయి, తాగుడు లేదు, నా లివర్‌కేం?” అన్నిటికన్నా చెడ్డ అపోహ ఇదే. బి, సి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కాలేయాన్ని తినేస్తాయి. రక్తపరీక్షలోనే బయటపడతాయి. సి రకానికి టీకా లేదు, కానీ సాధారణంగా పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. హెపటైటిస్‌ నియంత్రణకు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం.

బి సంగతి దీనికి తలకిందులు: టీకా ఉంది, పూర్తిగా పోగొట్టే మందు ఇంకా చేతికి రాలేదు. ఒకప్పుడు ఆ టీకా విదేశాల నుంచి రావాలి, ధర సామాన్యులకు అందేది కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్‌ రెడ్డి హైదరాబాద్‌లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేసి చవకగా ఇచ్చింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో పుట్టిన 24 గంటల్లోపే బిడ్డ తొడకు ఉచితంగా వేస్తున్నారు.