పదకొండేళ్ల పిల్లాడు... పెద్దవాళ్ల పాట!

ఒకప్పుడు తాను చులకన చేసి వదిలేసిన అమ్మాయి ఇప్పుడు మరొకరి పక్కన కనిపించింది. అంతే, ఆ కుర్రాడి కళ్లు తెరుచుకున్నాయి. తప్పయిపోయింది, ఇంకొక్క అవకాశం ఇవ్వమని బతిమాలుతున్నాడు... 'ఐ వాంట్ యూ బ్యాక్' పాటలోని కథ ఇదే. ప్రేమలో దెబ్బతిన్న మగాడు పాడాల్సిన ఈ పాట పాడిందెవరో తెలుసా? మైకేల్ జాక్సన్. 1969 అక్టోబరులో రికార్డు విడుదలయ్యేనాటికి అతనికి పదకొండేళ్లు! గొంతు కలిపింది నలుగురు అన్నలు... జాకీ, టీటో, జెర్మెయిన్, మార్లన్. అందరూ కలిస్తే 'జాక్సన్ ఫైవ్'.

వాళ్లది అమెరికాలోని ఇండియానా రాష్ట్రం. ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన గ్యారీ అనే ఊరు. రెండు పడగ్గదుల ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు. తండ్రి జోసెఫ్ ఆ కర్మాగారంలోనే క్రేన్ నడిపేవాడు. కుర్రతనంలో తమ్ముడితో కలిసి 'ఫాల్కన్స్' అనే బృందం పెట్టాడు కానీ అది పైకి రాలేదు. గిటారు మాత్రం మిగిలింది. దాన్ని ముట్టుకోవద్దని పిల్లలకు ఆజ్ఞ. నాన్న డ్యూటీకి వెళ్లగానే టీటో తీసి వాయించేవాడు. ఓరోజు తీగ తెగింది. అగ్గిమీద గుగ్గిలమైన తండ్రి, 'ఏదీ, వాయించి చూపించు' అన్నాడు. కొడుకు వేళ్లు చకచకా కదులుతుంటే ఆయనకు తన పాత కల గుర్తొచ్చినట్టుంది. ఇక రోజూ బడి వదలగానే సాధన. అడుగు తప్పితే బెల్టు దెబ్బ.

1968లో సొంతూళ్లోని స్టీల్‌టౌన్ అనే చిన్న కంపెనీ వీళ్లతో 'బిగ్ బాయ్' పాట చేసింది. లెక్కప్రకారం తొలి రికార్డు అదే. కానీ దానికి పెద్దగా పేరు రాలేదు. అదే ఏడాది బాబీ టేలర్ అనే గాయకుడు వీళ్లని డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థకు తీసుకెళ్లాడు. యజమాని బెర్రీ గార్డీ మొదట్లో తటపటాయించాడు. అప్పటికే స్టీవీ వండర్ రూపంలో ఓ బాలగాయకుడితో పడిన తంటాలు చాలనుకున్నాడట!

ఎవరి కోసమో రాస్తే...

'ఐ వాంట్ యూ బ్యాక్' అసలు వీళ్ల కోసం పుట్టింది కాదు. గ్లాడిస్ నైట్ బృందం కోసం వేరే మాటలతో అనుకున్న బాణీ. గార్డీ దాన్ని ఈ పిల్లల వైపు మళ్లించి, తనూ రచయితల పక్కన కూర్చున్నాడు. ఫ్రెడ్డీ పెరెన్, డీక్ రిచర్డ్స్, ఆల్ఫోంజో మిజెల్, గార్డీ... ఈ నలుగురి పేర్లూ రికార్డు మీద ఉండవు. 'ద కార్పొరేషన్' అని మాత్రమే ఉంటుంది. అంతకుముందే పేరు తెచ్చుకున్న రచయితలు కొందరు సంస్థను వదిలి వెళ్లారు. మళ్లీ ఎవరూ అంతవాళ్లు కాకూడదన్న జాగ్రత్త అది.

పాట వింటే మాత్రం ఈ లెక్కలేవీ గుర్తుకురావు. పియానో ఒక్కసారిగా పైనుంచి కిందికి జారుతుంది. వెంటనే బేస్ గిటారు పరుగందుకుంటుంది. అది వాయించిన విల్టన్ ఫెల్డర్ అసలు శాక్సఫోన్ విద్వాంసుడు. టీటో గిటారు వాయించడని, జెర్మెయిన్ బేస్ వాయించడని కాదు. రికార్డుకు సంస్థ తన సొంత వాద్యగాళ్లనే నమ్ముకుంది. ఆ హోరు మీద మైకేల్ గొంతు! అనుభవంలోకి రాని బాధను అంత నమ్మకంగా ఎలా పాడాడన్నది నాకైతే ఇప్పటికీ అంతుపట్టదు.

ప్రచారంలో అతని వయసు కూడా తగ్గించేశారు. ఎనిమిదేళ్ల పసివాడంటే జనం మరింత ముచ్చటపడతారుగా! వీళ్లని కనిపెట్టింది డయానా రాస్ అని చాటారు. తొలి ఆల్బమ్‌కి పేరే 'డయానా రాస్ ప్రెజెంట్స్ ద జాక్సన్ ఫైవ్'. పాపం, బాబీ టేలర్ ఊసే లేదు.

1970 జనవరి 31న పాట బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఆ తర్వాతి మూడూ... 'ఏబీసీ', 'ద లవ్ యూ సేవ్', 'ఐల్ బీ దేర్'... అదే ఏడాది అక్కడికే చేరాయి. మోటౌన్‌లో మొదటి నాలుగు పాటలూ నెంబర్‌వన్! అప్పటికి మరే బృందానికీ దక్కని ఘనత అది. ఇంట్లో డబ్బుకి లోటు తీరింది. పిల్లాడికి తీరనిది మరొకటుంది. స్టూడియోకి ఎదురుగా పార్కు ఉండేదనీ, అక్కడ ఆడుకునే పిల్లల్ని చూసి ఏడుపొచ్చేదనీ 1993లో ఓప్రా విన్‌ఫ్రేతో చెప్పాడు మైకేల్.

1975లో అన్నదమ్ములు మోటౌన్‌ని వదిలేశారు. గార్డీ అల్లుడైన జెర్మెయిన్ మాత్రం అక్కడే ఉండిపోయాడు. అతని బదులు ఆఖరి తమ్ముడు రాండీ వచ్చాడు. బృందం మళ్లీ ఐదుగురైంది కానీ 'జాక్సన్ ఫైవ్' అన్న పేరు పాత సంస్థకే ఉండిపోయింది. కొత్త రికార్డుల మీద 'ద జాక్సన్స్' అని వేసుకున్నారు.