వేగపు మోటారు సైకిలు



మన గ్రామములలో మోటారు సైకిలు మ్రోత వినబడని దినము లేదు. పిల్లలు దాని వేగమును మెచ్చుకొందురు, పెద్దలు విసుగుకొందురు. ఆ యంత్రమెట్టిదో తెలిసినచో పిల్లలకు మన మాట చెవి కెక్కునని తలచి, ఒక ప్రసిద్ధమైన బండిని గూర్చి మీకు చెప్పబూనితిని.

ఇంగ్లండులోని నాటింగ్‌హాము పట్టణమున జార్జి బ్రఫ్ అను నాతడు 1924లో బ్రఫ్ సుపీరియరు ఎస్.ఎస్. 100 అను బండిని వెలువరించెను. అది గంటకు 100 మైళ్లు, అనగా సుమారు 160 కిలోమీటర్లు పోగలదని కొనువారికి హామీపత్రమిచ్చెడివాడు. 1940లో దాని తయారీ నిలిచిపోయెను.

దాని ఇంజనులోని రెండు సిలిండరులు, ఎడముగా చాచిన రెండు వ్రేళ్లవలె నుండెడివి. లోపల పెట్రోలు ఆవిరి గాలితో గలిసి రగిలి పిస్టనును త్రోయును. ఆ త్రోపు ఇరుసును త్రిప్పును. ఆ బలమును గొలుసు వెనుక చక్రమునకు జేర్చును. ఇంజనుపై రేకుల కప్పు లేదు. గాలి తగిలి చల్లబడుటకే అట్లు విడిచిరి; అదియే దానికి సొగసు కూడ నైనది. నికెలు పూతగల టాంకి అద్దమువలె మెరసెడిది.

మలుపున బండి లోపలి ప్రక్కకు ఒరగవలెను. లేనిచో వేగము దానిని వెలుపలికి పడద్రోయును. ఇంకొక సూక్ష్మము: వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిమ్మట నిలుచుటకు నాలుగింతల దూరము కావలెను. పది గజములలో నిలుచు బండికి నలువది గజములన్నమాట!

అరేబియా యుద్ధమున పేరుగాంచిన టి.ఇ. లారెన్సు ఈ బండిపై పోవుచు, 1935 మే 13న, సైకిళ్లపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు హెల్మెటు లేదు. ఆరు దినములకు మరణించెను. అతనిని చూచిన వైద్యులలో నొకడగు హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత తలగాయములను పరిశోధించి, హెల్మెటు ప్రాణములను కాపాడునని 1941లో ప్రకటించెను. మన దేశమునను 1988 నాటి మోటారు వాహనముల చట్టము దానిని విధించినది.

కాబట్టి బండిని తిట్టి లాభము లేదు. మీ మనుమడు బయలుదేరునపుడు తాళపుచెవితోపాటు హెల్మెటును కూడ మీ చేతులతో నందింపుడని నా మనవి.