నిమ్మగడ్డి నూనె రిపోర్టు తేడాగా వచ్చిందా? ముందు మెషీన్‌లో గ్యాస్ సంగతి అడగండి



పోయినేడాది మా నిమ్మగడ్డి నూనె లాట్ ఒకటి వెనక్కి వచ్చేదే. కొనేవాళ్ల రిపోర్టులో సిట్రాల్ బాగా తక్కువ చూపించింది. మంచి నూనెలో అది మామూలుగా 70 నుంచి 80 శాతం ఉంటుంది. అదే డ్రమ్ము శాంపిల్ ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే సరిగ్గానే వచ్చింది. మొదటి చోట మళ్లీ చెయ్యమంటే అప్పుడు తెలిసింది, మెషీన్‌లో గ్యాస్ లీకవుతోందట!

గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో నూనెని ఆవిరి చేసి, హీలియం, హైడ్రోజన్ లేదా నైట్రోజన్ గ్యాస్‌తో కాలమ్ అనే సన్నటి గొట్టంలోకి పంపుతారు. అది చాలావరకు 30 మీటర్ల పొడవుంటుంది. ఒక్కో పదార్థం ఒక్కో టైముకి బయటికొచ్చి పీక్‌గా కనిపిస్తుంది. గ్యాస్ తగ్గితే పీక్‌లు ఆలస్యమవుతాయి. కంప్యూటరేమో పాత టైములోనే వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతే సిట్రాల్ తక్కువని రాసేస్తుంది.

మన డ్రిప్పు లాగే అనుకోండి. ప్రెషర్ ఎక్కకపోతే లీకు. ప్రెషర్ ఉండీ చివర్లో ఏమీ రాకపోతే బ్లాకు.

నాతో డిప్లొమా చదివిన ల్యాబ్ మిత్రుడు చూసే వరస ఇది:

1. సిలిండర్: నిండుగా ఉంటే 150 బార్ దగ్గర ఉంటుంది. అడుగంటేదాకా వాడకుండా ముందే మార్చాలి.

2. సెప్టం: సూది గుచ్చే రబ్బరు బిళ్ల. గుచ్చగా గుచ్చగా చిల్లు పెద్దదవుతుంది. మా కేసులో దొంగ ఇదే. మెషీన్ చల్లారాకే మార్చాలి.

3. కాలమ్ నట్టు: కొన్ని రకాల ఫెర్రూల్స్ వేడికి కుంచించుకుపోయి నట్టు వదులవుతుంది. మళ్లీ బిగించాలి, మరీ బిగిస్తే కాలమ్ విరుగుతుంది.

4. కాలమ్: డిటెక్టర్ వైపు కొస ఊడదీసి ద్రావకంలో ముంచితే బుడగలు రావాలి. రాకపోతే ఎక్కడో విరిగింది, లేదా సెప్టం ముక్క అడ్డుపడింది.

లీకు కోసం సబ్బు నీళ్లు పుయ్యకూడదు, లోపలికి పోతే కాలమ్ పాడవుతుంది. లీక్ డిటెక్టర్ వాడాలి. హైడ్రోజన్ అయితే ఇంకా జాగ్రత్త, మంట అంటుకుంటుంది. లీకు ఉండగా కాలమ్‌ని వేడి చేస్తే గాలిలోని ఆక్సిజన్ దాన్ని తినేస్తుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? రేటు ఆ కాగితం మీదే కదండీ! అందుకే ప్రతి లాట్‌కి ఒక సీల్ చేసిన శాంపిల్ మీ దగ్గరే ఉంచుకోండి. రిపోర్టుతో పాటు గ్రాఫ్ కూడా అడగండి. సిట్రాల్ అంటే నెరాల్, జెరానియల్ అనే రెండు పీక్‌లు. అదే రోజు నడిపిన స్టాండర్డ్‌లో అవి ఏ టైముకి వచ్చాయో, మన నూనెలోనూ అదే టైముకి వచ్చాయా చూడండి. తేడా ఉంటే రేటు తగ్గించుకోకముందే మళ్లీ చెయ్యమనండి.

సెప్టం మార్చడం, బుడగల పరీక్ష పై వీడియోలో చూపించాం, ఒకసారి చూడండి.